నల్లగొండ, పాలమూరు డిజైన్ విద్యార్థులకు: మొదటి ఫైల్ నుంచి మొదటి బిల్లు దాకా

బీఎఫ్‌ఏలో అప్లైడ్ ఆర్ట్ చదివినా, ఆరు నెలల డీటీపీ కోర్సు చేసినా, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిలోకి దిగగానే అందరూ తడబడేది ఒకే చోట. తెర మీద ముద్దుగా కనిపించిన డిజైన్ అచ్చయ్యాక వేరేలా వస్తుంది. నల్లక్షరం చుట్టూ ఎర్రటి నీడ, ఒత్తు విరిగిన ఇంటిపేరు, రింగులు కొట్టిన చోట తెగిపోయిన ఫోన్ నంబర్. కాలేజీలో మార్కులు తెర మీది బొమ్మకు పడతాయి. గిరాకీ పైసలిచ్చేది మాత్రం చేతికొచ్చిన కార్డుకు, కట్టిన ఫ్లెక్సీకి, బియ్యం నింపిన సంచికి. వస్తువు సరిగ్గా అచ్చయ్యేదాకా ఫైల్ బాధ్యత డిజైనర్‌దే. ఆ బాధ్యత తీసుకోగలిగిన పిల్లలకు సొంతూర్లోనూ పని ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. కింద రాసినదంతా ఆ బాధ్యత ఎలా మోయాలో చెప్పడానికే.

మొదటి మూడు నెలలు ప్రెస్‌లో

ఇంట్లో కూర్చుని ఊహా కంపెనీలకు లోగోలు చేయడం కంటే ఒక ప్రింటింగ్ ప్రెస్‌లోనో ఫ్లెక్సీ షాపులోనో మూడు నెలలు పనిచేయడం మేలు. జీతం తక్కువే ఇస్తారు. కానీ ప్లేట్ (ఒక్కో రంగును అచ్చేసే రేకు) ఎలా తయారవుతుందో, నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చుంటాయో, అవి అర మిల్లీమీటర్ జరిగితే ఏమవుతుందో మరెక్కడా ఇంత తొందరగా తెలియదు. కటింగ్ మెషిన్ దగ్గర కూడా నిలబడండి. కత్తి కింద ఐదు వందల షీట్ల కట్ట పెట్టినప్పుడు పై షీటు, కింది షీటు ఒక్కచోట తెగవు. ఆ తేడాను కళ్లారా చూసినవాళ్లు బ్లీడ్ (కత్తి గీత దాటి బయటికి పొడిగించే రంగు అంచు) వదలడం మరచిపోరు. ఆపరేటర్‌ను ‘అన్నా’ అని అడిగి వేస్ట్ షీట్లు ఇంటికి తెచ్చుకోండి. ఏ రంగు పక్కకు జరిగిందో భూతద్దంతో చూడండి.

విజిటింగ్ కార్డు లెక్క నోటికి రావాలి. 3.5 × 2 అంగుళాల కార్డు అంటే దాదాపు 89 × 51 మిల్లీమీటర్లు. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ కలిపితే ఫైల్ సైజు 95 × 57 మి.మీ. అవుతుంది. కత్తి పడే గీత నుంచి లోపలికి కనీసం 4 మి.మీ. దాకా అక్షరం ఉండకూడదు. కార్డు చుట్టూ సన్నని బోర్డర్ గీయకపోవడమే మంచిది. కటింగ్ ఒక మి.మీ. జరిగినా ఒక పక్క లావు, ఒక పక్క సన్నం అయి కార్డంతా వంకరగా కనిపిస్తుంది.

కాగితాల్లో మొదట మూడు చాలు. కరపత్రాలకు 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మ్యాప్‌లిథో, బ్రోచర్లకు 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్, విజిటింగ్ కార్డులకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. పిన్ను కొట్టే చిన్న పుస్తకమైతే పేజీల సంఖ్య నాలుగుతో శేషం లేకుండా భాగించేలా ఉండాలి. 18 పేజీల మ్యాటర్‌తో స్కూలువాళ్లు వస్తే 16కు కుదించాలో 20కి పెంచాలో డిజైన్ మొదలుపెట్టక ముందే తేల్చుకోండి.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మన జిల్లా కేంద్రాల్లో ప్రెస్‌లు ఎక్కువగా కోరల్‌డ్రా, ఫొటోషాప్ వాడతాయి. కొన్నిచోట్ల పేజ్‌మేకర్ ఇంకా నడుస్తోంది. హైదరాబాద్ ఏజెన్సీలు ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్, ఫిగ్మా అడుగుతాయి. కొనే స్తోమత లేనివాళ్లు ఇంక్‌స్కేప్, క్రిటా, స్క్రైబస్‌లతో ఉచితంగా నేర్చుకోవచ్చు. ఒక వెక్టర్ (గీతలతో బొమ్మ గీసే) సాఫ్ట్‌వేర్, ఒక ఫొటో సాఫ్ట్‌వేర్, ఒక పేజీ సాఫ్ట్‌వేర్ చేతికి పట్టుబడితే మిగతావి వారం రోజుల పని.

తెలుగు అక్షరం: మీ అసలు బలం ఇదే

ఇంగ్లిష్ పోస్టర్ చేసేవాళ్లు దేశమంతా ఉన్నారు. తెలుగును తప్పు లేకుండా, అందంగా పేర్చేవాళ్లు కొద్దిమందే. ఈ విషయం మీద పెట్టిన ప్రతి గంటా వృత్తిలో తిరిగొస్తుంది.

ముందు రెండు ప్రపంచాలను వేరుచేసి అర్థం చేసుకోవాలి. అను ఫాంట్ల వంటి పాత పద్ధతిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిష్ కోడ్‌ల స్థానంలో కూర్చుంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికి సొంత కోడ్ ఉంటుంది. ఫోన్‌లో, వెబ్‌లో, వాట్సాప్‌లో నడిచేది ఇదే. ప్రెస్‌లో బతకాలంటే అను రావాలి, భవిష్యత్తు కావాలంటే యూనికోడ్ రావాలి. రెండూ నేర్చుకోండి. టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పట్టుబడితే ఏ కంప్యూటర్‌లోనైనా పని ఆగదు. ఒకదాని నుంచి మరోదానికి కన్వర్టర్‌తో మార్చినప్పుడు ఒత్తులు, సున్నలు తారుమారవుతాయి. మార్చిన మ్యాటర్‌ను మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదవాల్సిందే.

యూనికోడ్ తెలుగు విరిగి కనిపిస్తే చాలాసార్లు తప్పు ఫాంట్‌ది కాదు, సెట్టింగ్‌ది. ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోకి వెళ్లి ‘అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోవాలి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్ కింద టైప్‌లో ‘షో ఇండిక్ ఆప్షన్స్’ టిక్ పెట్టాలి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అదే టైప్ విభాగంలో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ పెట్టి, ఆ తర్వాత కొత్త ఫైల్ తెరవాలి. కోరల్‌డ్రా ఎక్స్6 కంటే పాతదైతే యూనికోడ్ తెలుగుకు పనికిరాదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ అసలే తెలియదు.

ఇంకో చిన్న మెలిక. ‘ఆన్‌లైన్’ అని కొడితే ‘ఆన్లైన్’ అని, ‘షోరూమ్‌లో’ అని కొడితే ‘షోరూమ్లో’ అని కలిసిపోతుంటాయి. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెడితే అక్షరాలు విడిగా నిలుస్తాయి. దాని యూనికోడ్ సంఖ్య 200సి. ఇంగ్లిష్ పేర్లతో ఉండే షాపు బోర్డులకు ఇది రోజూ కావాలి.

పేర్పు విషయానికొస్తే, తెలుగుకు పైన గుడులు, తలకట్లు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే 120 శాతం లైన్ స్పేసింగ్ ఇస్తే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. 140 శాతంతో మొదలుపెట్టి, ఫాంట్‌ను బట్టి 160 దాకా పెంచండి. అక్షరాల మధ్య ట్రాకింగ్ పెంచి స్టైల్ తెద్దామనుకోవద్దు. కొన్ని ఫాంట్లలో ఒత్తు అక్షరం నుంచి దూరంగా జరిగిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే నకిలీ బోల్డ్ కూడా వద్దు. ‘ఘ’, ‘ఝ’, ‘క్ష’ల లోపలి ఖాళీలు పూడిపోతాయి.

అక్షరాలకు బయట గీత ఇవ్వాలంటే ముందు కర్వ్స్‌గా (టైపు కాని గీతల ఆకారాలుగా) మార్చి వెల్డ్ చేయండి, అంటే ముక్కలను ఒక్కటిగా కలపండి; ఇలస్ట్రేటర్‌లోనైతే పాత్‌ఫైండర్‌లో యునైట్. చాలా తెలుగు ఫాంట్లలో గుణింతం, అక్షరం వేర్వేరు ముక్కలుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. నేరుగా స్ట్రోక్ ఇస్తే ఆ అతుకుల గీతలు అక్షరం మధ్యలో బయటపడతాయి. మన ఊళ్లలో సగం ఫ్లెక్సీల మీద ఈ తప్పు కనిపిస్తుంది, సరిదిద్దడానికి పట్టేది ఒక్క నిమిషం.

ఉచితంగా, చట్టబద్ధంగా వాడుకోగల తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో చాలా ఉన్నాయి. పోస్టర్ శీర్షికకు రామభద్ర, పాఠానికి మండలి లేదా నోటో సెరిఫ్ తెలుగు, పలు మందాలు కావాలంటే అనెక్ తెలుగు, పిల్లల వస్తువులకు బాలూ తమ్ముడు. శీర్షికలకే గీసిన సురవరం ఫాంట్‌ను మన ప్రాంత విద్యార్థులు తప్పక చూడాలి. గోలకొండ పత్రిక నడిపి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు దానికి పెట్టారు. ఇవి ఎక్కువగా ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. గిరాకీ లోగోకూ వాడొచ్చు, ప్యాకింగ్‌కూ వాడొచ్చు.

ఉర్దూను పక్కన పెట్టకండి. 2017లో తెలంగాణ మొత్తానికి రెండో అధికార భాష అయింది. మహబూబ్‌నగర్ పట్టణంలో మూడు భాషల బోర్డు అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. నస్తాలీఖ్ రాత కుడి నుంచి ఎడమకు, పై నుంచి కిందికి వాలుతూ నడుస్తుంది కాబట్టి దానికి తెలుగు వరస కంటే ఎక్కువ ఎత్తు వదలాలి. చదవడం రాకపోతే, చదవగలిగినవాళ్లతో ప్రూఫ్ మీద సంతకం పెట్టించుకున్నాకే ప్రింటుకు పంపండి.

నలుపు, నీలం, పసుపు

ఫొటోషాప్‌లో ఆర్‌జీబీ (తెర రంగుల పద్ధతి) నలుపును మామూలు సెట్టింగ్‌లో సీఎంవైకేకు (అచ్చులో వాడే నాలుగు రంగుల పద్ధతికి) మారిస్తే శాతాల్లో సయాన్ 75, మజెంటా 68, యెల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. అంటే నాలుగు ప్లేట్ల మీదా అదే అక్షరం. పది పాయింట్ల తెలుగు అక్షరం మీద ఒక్క ప్లేట్ కొంచెం జరిగినా ఒత్తులు రెండుగా కనిపిస్తాయి. అందుకే చిన్న అక్షరాలు ఎప్పుడూ బ్లాక్ 100, మిగతా మూడూ సున్నా. వీలైతే ఆ అక్షరాలను ఫొటోషాప్‌లో కాకుండా వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టండి, అంచు పదునుగా వస్తుంది.

నీలం కావాలని సయాన్ 100, మజెంటా 100 ఇస్తే వంకాయ రంగు వస్తుంది. మజెంటాను 60–70 దగ్గర ఆపండి. పసుపు రంగుకు యెల్లో 100తో పాటు మజెంటా 15–20 కలిపితే పచ్చిదనం పోయి ఇంటి పసుపులా నిండుగా ఉంటుంది. కుంకుమ ఎరుపుకు మజెంటా, యెల్లో రెండూ 100. తెర మీద మెరిసే చిలకాకుపచ్చ మాత్రం కాగితం మీద రాదు. ఆ సంగతి గిరాకీకి ముందే చెప్పండి.

ఫ్లెక్సీ

20 × 10 అడుగుల ఫ్లెక్సీని 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) తెరిస్తే 17,280 × 8,640 పిక్సెళ్లు. సీఎంవైకేలో ఒక్క నిండు లేయరే 600 ఎంబీ దగ్గరికి వస్తుంది. పది లేయర్లు పెడితే 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ నిలబడిపోతుంది. దూరం నుంచి చూసే హోర్డింగ్‌కు 36 డీపీఐ చాలు, బరువు నాలుగో వంతుకు దిగుతుంది. దగ్గర నుంచి చూసే 3 × 2 అడుగుల బ్యానర్‌కు 100 నుంచి 150 డీపీఐ పెట్టండి.

ఫ్లెక్సీ రోల్స్ సాధారణంగా 3, 4, 5, 6, 8, 10 అడుగుల వెడల్పుల్లో వస్తాయి. గిరాకీ 7 అడుగులు అడిగితే 8 అడుగుల రోల్ వాడాలి, మిగిలిన అడుగు వృథా. సైజు మాట్లాడేటప్పుడే ఈ సంగతి చెబితే మీరు పని తెలిసిన మనిషని వాళ్లకు అర్థమవుతుంది. రింగులు కొట్టడానికి, ఫ్రేముకు మడవడానికి నాలుగు వైపులా 3 అంగుళాలు ఖాళీ వదలండి. ఆ జాగాలో బ్యాక్‌గ్రౌండ్ ఉండొచ్చు, మ్యాటర్ ఉండకూడదు.

ఫొటో వాట్సాప్‌లో మామూలుగా వస్తే పొడవు వైపు 1,600 పిక్సెళ్ల దగ్గరికి కుంచించుకుపోతుంది. 72 డీపీఐలో అది 22 అంగుళాలకే సరిపోతుంది. దాన్ని పదడుగుల మనిషిగా పెంచితే ముఖం గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ‘డాక్యుమెంట్‌గా పంపండన్నా’ అని అడగడం అలవాటు చేసుకోండి.

హైవే హోర్డింగ్‌కు లెక్క వేరు. విజయవాడ హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. డ్రైవర్‌కు ఐదు సెకన్లు దొరకాలంటే 110 మీటర్ల దూరం నుంచే అక్షరం చదవగలగాలి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అనే పాత లెక్క ప్రకారం అది మూడడుగుల అక్షరం. ఒత్తులున్న తెలుగుకు ఇంకొంచెం పెద్దదే కావాలి. ఇక హోర్డింగ్ మీద ఆరేడు మాటలకు మించి పట్టవు. గిరాకీ ఇరవై మాటలు తెస్తే ఈ లెక్కే ముందు పెట్టండి, చాలామంది ఒప్పుకుంటారు.

రాజకీయ ఫ్లెక్సీల్లో ఎవరి ఫొటో ఎంత సైజు, ఎవరి తర్వాత ఎవరు అన్నది మీరు తేల్చొద్దు. వరసను గిరాకీ చేత రాయించుకుని, అదే వరసలో పెట్టి, మెసేజ్‌లో ఓకే తీసుకోండి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలప్పుడు కరపత్రాలు, పోస్టర్ల మీద ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, చిరునామాలు తప్పనిసరి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం పబ్లిషర్ సంతకం చేసి, ఇద్దరు సాక్షులు ధ్రువీకరించిన డిక్లరేషన్ ప్రింటర్ దగ్గర ఉండాలి. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. డిజైన్ అడుగున ఆ రెండు వరసలకు జాగా ముందే వదలండి. 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లపై 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. మెటీరియల్ మందం ఎంతో షాపులో అడగండి.

పెండ్లి పత్రిక, పెండ్లి ఆల్బమ్

పెండ్లి పత్రికలో డిజైన్ తప్పును క్షమిస్తారు, పేరు తప్పును క్షమించరు. మ్యాటర్‌ను ఫోన్‌లో విని రాసుకోవద్దు, కాగితం మీద రాసిచ్చిందే తీసుకోండి. తేదీ, వారం, తిథి, నక్షత్రం, ముహూర్త సమయం ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని పంచాంగంతో పోల్చండి. తెల్లవారుజాము ముహూర్తాల్లో తేదీ తప్పు పడేది ఎక్కువ, ‘రాత్రి తెల్లవారితే’ అన్నప్పుడు ఏ తేదీ అని ఒకటికి రెండుసార్లు అడగండి. ల–ళ, న–ణ, శ–ష–స జంటలను విడిగా ఒకసారి చదవండి. ఇంటిపేరు ఇంటివాళ్లు రాసినట్టే ఉండాలి, మీకు తెలిసిన వ్యాకరణంతో దిద్దొద్దు. ప్రూఫ్‌ను రెండు కుటుంబాలూ చూడాలి.

బంగారు ఫాయిల్‌కు, స్క్రీన్ ప్రింటింగ్‌కు గీత మందం 0.3 మి.మీ. కంటే తగ్గొద్దు, తెలుగు అక్షరం 11 పాయింట్ల కంటే కిందికి దిగొద్దు. ఫంక్షన్ హాల్ దారికి క్యూఆర్ కోడ్ పెడితే కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ ఖాళీ వదలాలి. ముదురు కోడ్ లేత కాగితం మీదే రావాలి, ఫాయిల్‌లో మాత్రం వేయొద్దు. ఆ మెరుపుకు కెమెరా చదవలేదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఛత్తాబజార్‌లో ఒక పూట తిరిగి రండి. కార్డుల కాగితాలు, మడతలు, ఉర్దూ చేతిరాత పని అన్నీ ఒక్క బజార్లో చూడొచ్చు.

ఆల్బమ్ షీట్లు ఎక్కువగా 12 × 36 అంగుళాలు, 300 డీపీఐలో 10,800 × 3,600 పిక్సెళ్లు. 18వ అంగుళం దగ్గర మడత పడుతుంది, అక్కడ ఎవరి ముఖమూ ఉండకూడదు. ఆల్బమ్ ల్యాబ్‌లు సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ (తెర రంగుల) ఫైల్‌నే తీసుకుంటాయి, సీఎంవైకే చేయొద్దు.

బియ్యం సంచి

మిర్యాలగూడ మిల్లుల పుణ్యాన మన జిల్లాకు దొరికిన పెద్ద డిజైన్ పని ఇది. చాలామంది విద్యార్థులు ఇటు చూడరు, చూడాలి. ఒక సంచి డిజైన్ నిలబడితే ఏళ్ల తరబడి లక్షల ఇళ్లలోకి వెళ్తుంది.

ముందు సంచి ఏదో అడగండి. మామూలు నేసిన ప్లాస్టిక్ సంచి మీద నేరుగా ఫ్లెక్సో (మెత్తని ప్లేట్లతో అచ్చువేసే) ప్రింటింగ్ అయితే రెండు మూడు నిండు రంగులతో ఆలోచించాలి. అల్లిక మీద రంగు ఒకటి రెండు మి.మీ. పక్కకు పోవడం మామూలే కాబట్టి రంగుల అంచులు కాస్త ఒకదాని మీదికొకటి ఎక్కేలా పెట్టాలి, సన్న ఒత్తులున్న ఫాంట్ వాడకూడదు. ఫొటోల్లా మెరిసే బీఓపీపీ (సన్నని ప్లాస్టిక్ ఫిల్మ్) సంచులకు గ్రేవ్యూర్ పద్ధతిలో ఫిల్మ్ మీద అచ్చువేసి సంచికి అతికిస్తారు. ఇందులో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కుతారు. చెక్కాక ఒక అంకె మార్చాలన్నా సిలిండర్ మళ్లీ చేయించాలి, ఆ ఖర్చు వేలల్లో. ఫిల్మ్ లోపలి వైపు అచ్చు కోసం బొమ్మను అద్దంలోలా తిప్పడం సంచి తయారీదారు పని, ఫైల్‌ను మీరు తిప్పొద్దు. పారదర్శక ఫిల్మ్ అయితే రంగుల వెనక తెలుపు ఎక్కడెక్కడ రావాలో వేరే లేయర్‌లో చూపాలి.

తయారీదారు దగ్గర కీలైన్ (సంచి కొలతలు, కుట్లు, అతుకులు చూపే గీతల ఫైల్) తీసుకుని దాని మీదే డిజైన్ చేయండి. పైన, కింద కుట్టు పడే మూడు నాలుగు అంగుళాలు, పక్క అతుకు పడే జాగా ఖాళీగా ఉండాలి. బియ్యం నింపితే సంచి ఉబ్బి పక్కలు వెనక్కి తిరుగుతాయి, బ్రాండ్ పేరు ముందు వైపు వెడల్పులో మధ్య 70 శాతంలోనే ఇమడాలి. నమూనా సంచిలో బియ్యం పోసి, పది అడుగుల దూరంలో నిలబెట్టి చూడనిదే ఓకే చెప్పొద్దు.

తర్వాత చట్టం అడిగేవి. తయారీదారు లేదా ప్యాకర్ పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, ఏడాది, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, యూనిట్ ధర, వినియోగదారు ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్. వీటికి తోడు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్, ఆ సంస్థ గుర్తు, చదరంలో ఆకుపచ్చ చుక్క. ధర, తేదీ, బ్యాచ్ తర్వాత కొట్టుకుంటారు కాబట్టి వాటికి తెల్లటి ఖాళీ గడి వదలండి. ముదురు రంగు మీద ఆ ముద్ర కనిపించదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ ప్యాక్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడడంతో 26 కిలోల సంచులు మార్కెట్లోకి వచ్చాయి. పాత ఫైల్ తీసి మార్చేటప్పుడు ముందు, వెనక, పక్క, అన్ని చోట్లా బరువు మారిందా అని చూడండి. ఒక్కచోట 25 మిగిలినా తనిఖీలో దొరికేది మిల్లు యజమాని.

కొత్త బ్రాండ్ పేరైతే ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో 30వ తరగతిలో వెతకండి, బియ్యం వచ్చేది అందులోనే. లోగో అయిపోయాక ఆ పేరు వేరేవాళ్లదని తేలితే మీ పనంతా వృథా.

చూసి నేర్చుకోవడానికి

ప్రేరణ కోసం పొద్దస్తమానం పింటరెస్ట్ తిరగేయకండి. పోచంపల్లికో పుట్టపాకకో ఒక రోజు వెళ్లండి. ఇక్కత్ నేత డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా పుడుతుంది, ఆ లెక్కన నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు, ఆ తర్వాతే మగ్గం ఎక్కుతుంది. గ్రిడ్ అంటే ఏమిటో చెప్పడానికి అంతకంటే మంచి పాఠం లేదు. సంప్రదాయ తేలియా రుమాల్ ఎరుపు, నలుపు, తెలుపుతోనే నడుస్తుంది. తెల్ల కాగితం మీద అది రెండు రంగుల ప్రింటు ఖర్చు. గద్వాల చీరలో నూలు నేత, పట్టు అంచు కలిసే చోటును చూస్తే బోర్డర్ ఎంత వెడల్పు ఉండాలో అర్థమవుతుంది. అలంపురం నవబ్రహ్మ ఆలయాల కిటికీ జాలీలను పెన్సిల్‌తో గీయండి, మీ ప్యాటర్న్ లైబ్రరీ అక్కడే మొదలవుతుంది. వాటిని గిరాకీకి అమ్మేటప్పుడు ఒక జాగ్రత్త: మిల్లులో అచ్చేసిన గుడ్డకు ‘పోచంపల్లి ఇక్కత్’ అని లేబుల్ చేయమంటే చేయొద్దు. అది భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు, నేతన్నల కూడు.

2014లో వచ్చిన తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని గీసిన ఏలె లక్ష్మణ్ ఉమ్మడి నల్లగొండ జిల్లావారే. కాకతీయ తోరణం, చార్మినార్ ఒకే గుండ్రంలో ఎలా ఇమిడాయో, ఆ చిహ్నాన్ని లెటర్‌హెడ్ సైజులో, ఆఫీసు బోర్డు సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. అన్నట్టు, ప్రైవేటు గిరాకీ విజిటింగ్ కార్డు మీద మూడు సింహాల చిహ్నం పెట్టమంటే 2005 నాటి చట్టం ఒప్పుకోదని మర్యాదగా చెప్పండి.

పోర్ట్‌ఫోలియో

ఎనిమిది పనులు చాలు, పదికి మించొద్దు. పీడీఎఫ్ 10 ఎంబీ లోపు ఉండాలి, ఫోన్‌లో తెరిచినా చదవగలగాలి. ఒక్కో పనికి సమస్య ఏమిటి, మీరేం చేశారు, అచ్చయ్యాక ఎలా వచ్చింది అన్న మూడు ముక్కలు, తీసిన ఫొటో ఉండాలి. టెంప్లేట్ మీద అతికించిన మాకప్ కంటే నిజంగా కట్టిన బోర్డు ఫొటోకే విలువ. నిజమైన గిరాకీలు ఇంకా లేకపోతే చుట్టూ ఉన్నవి తీసుకోండి. నల్లగొండ బస్టాండ్ ప్లాట్‌ఫాం బోర్డులు, కురుమూర్తి జాతరలో దారి గుర్తులు, గద్వాల చీర పెట్టె. కింద ‘సొంత అభ్యాసం’ అని నిజాయితీగా రాయండి. ఒక్క పనైనా పూర్తిగా తెలుగు అక్షరాల మీద ఉండాలి. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు అక్కడ ఆగుతారు.

కృత్రిమ మేధతో బొమ్మ చేయిస్తే ఆ మాట చెప్పండి. అందులో వచ్చే తెలుగు అక్షరాలను నమ్మొద్దు, చెరిపేసి మీరే పేర్చండి. ఇంటర్వ్యూ టెస్టుగా ఒక పూట పని అడిగితే చేయొచ్చు. వారం పని ఉచితంగా అడిగితే అది టెస్టు కాదు.

ధర, సంతకం, బిల్లు

ధర చెప్పడానికి భయపడేది లెక్క తెలియక. నెలకు గది అద్దె, కరెంటు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్, తిండి కలిపి 24,000 అనుకోండి. బిల్లు వేయగలిగిన గంటలు నెలకు 120 అనుకోండి. గంటకు 200. పత్రికకు డిజైన్ నాలుగు గంటలు, దిద్దుబాట్లు రెండు గంటలు పడితే 1,200 మీ కనీస ధర, దానికి తగ్గితే మీ జేబులోంచి పోతుంది. మీ అంకెలు పెట్టి ఇదే లెక్క చేసుకోండి. ప్రింటింగ్ ఖర్చు వేరే వరసలో చూపండి. దాన్ని ఎప్పుడూ మీ పైసలతో ముందు కట్టొద్దు.

సగం అడ్వాన్స్ తీసుకున్నాకే పని మొదలు. రెండు దిద్దుబాట్లు ధరలో భాగం, మూడో దానికి అదనం అని మొదటి మెసేజ్‌లోనే రాయండి. తెలిసినవాళ్లయితే మరీ రాయండి, బంధుత్వాలు చెడేది రాయని చోటే. ప్రూఫ్‌ను వాటర్‌మార్క్‌తో, తక్కువ రిజల్యూషన్‌లో పంపండి. ‘చూశాం, సరే’ అన్న మాట మెసేజ్‌లో వచ్చేదాకా ప్రెస్‌కు ఫైల్ వెళ్లకూడదు.

లోగో హక్కులు గిరాకీకి ఇస్తుంటే ఒక పేజీ కాగితం రాసుకోండి. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, అందులో గడువు రాయకపోతే ఐదేళ్లుగానే లెక్క. ఎంత కాలానికి, ఏ వాడకాలకు అన్నది స్పష్టంగా ఉంటే ఇద్దరికీ మంచిది.

ఫైల్ అప్పగించేటప్పుడు కర్వ్స్ చేసిన పీడీఎఫ్ ప్రెస్‌కు, ఎడిట్ చేయగల అసలు ఫైల్ మీ దగ్గర. పేర్లు తేదీ, గిరాకీ, సైజు, వెర్షన్ వరసలో పెట్టండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అని పెడితే పాత ఫైల్ ప్రింటుకు పోయే రోజు వస్తుంది. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి బయటి డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో.

సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు సాధారణంగా అవసరం ఉండదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) నమోదు ఉచితం, బ్యాంకులో కరెంట్ అకౌంట్‌కు పనికొస్తుంది. కంపెనీలకు పని చేస్తే బిల్లులో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తారు. ఆ పైసలు మీ పాన్ మీద జమయ్యాయా అని ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. బిల్లు మీద పాన్ నంబర్‌ను ఒక్క అక్షరం తప్పుగా వేసినా ఆ జమ మీ పేరున పడదు, పంపేముందు కార్డు పక్కన పెట్టుకుని సరిచూడండి.